అంబులెన్స్ సర్వీసు పగ్గాలు డాక్టరుకే ఇవ్వాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఎమర్జెన్సీ వార్డులో చేయి తిరిగిన డాక్టరును తీసుకెళ్లి అంబులెన్స్ సర్వీసు పెద్దగా కూర్చోబెట్టడం దండగ అనిపిస్తోంది. బండ్లు, షిఫ్టులు, డీజిల్ లెక్కలు మేనేజరు పని కదా. మీరేమంటారు?

మాజీ పారామెడిక్:
నేను ఒప్పుకోనండీ. మా సర్వీసుకు కొత్తగా వచ్చిన డాక్టరుగారు మొదటి వారమంతా ఫోన్ రికార్డింగులే విన్నారు. ఒక కాల్‌లో ఆపరేటర్ "ఊపిరి తీస్తున్నారా?" అని అడిగితే, అవతలావిడ "ఆఁ, గురక పెడుతున్నారు" అంది. బండి పంపారు, సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీ నొక్కడం) చేయమని మాత్రం చెప్పలేదు. డాక్టరుగారు రికార్డింగు వెనక్కి తిప్పి, "గురకకీ గురకకీ మధ్య లెక్కపెట్టండి" అన్నారు. పదకొండు సెకన్లు. అది గురక కాదు, గుండె ఆగాక వచ్చే ఎగశ్వాస. మా రిపోర్టులో ఆ కేసు "టైముకి చేరాం" అనే ఉంది!

గుండె ఆగినవారికి సీపీఆర్ గానీ, గుండెకిచ్చే కరెంటు షాక్ గానీ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుంది. ఆ తర్వాత మా ప్రశ్న మారింది: "ఊపిరి మామూలుగా ఉందా?" డీజిల్ లెక్కల్లో ఇది దొరకదు.

పైగా ఇది వైద్యం వదిలేసి కుర్చీ ఎక్కడం కాదు. అమెరికాలో 2010లోనే అంబులెన్స్ సేవల వైద్యాన్ని ఒక ఉపశాఖగా గుర్తించారు.

చర్చ మొదలుపెట్టినవారు:
గురక సంగతి నిజంగా తెలియదు, థాంక్స్. కానీ అమెరికాలోని సియాటిల్ చూడండి. 1970లో మెడిక్ వన్ అనే అంబులెన్స్ సర్వీసు మొదలైనప్పుడు ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ, డాక్టర్ లియొనార్డ్ కాబ్ చెరో పనీ పంచుకున్నారు. అలా చాలదా?

మాజీ పారామెడిక్:
చాలు, డాక్టరు మాట చెల్లితే. అమెరికాలోనే పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సర్వీసుకు డాక్టర్ నాన్సీ కరోలిన్ మెడికల్ డైరెక్టర్‌గా ఉన్నారు. సిబ్బందితో పాటు బండెక్కి తిరిగి మరీ శిక్షణ ఇచ్చారు. అంత మంచి సర్వీసునీ 1975లో నగర పాలకులు మూసేశారు, ఆపే అధికారం ఆవిడకు లేదు. డీజిల్ బిల్లు మేనేజరే చూసుకోనివ్వండి. ఫోన్‌లో ఏం అడగాలి, గొంతులో ట్యూబ్ ఎవరు వేయొచ్చు, ఎవరికి మళ్లీ ట్రైనింగ్ కావాలి, వీటి మీద ఆఖరి సంతకం డాక్టరుదే కావాలి. ఆ డాక్టరు కూడా నెలకొక నైట్ షిఫ్టయినా బండెక్కాలి. మా డాక్టరుగారు ఎక్కేవారు, స్ట్రెచర్ రెండో కొస ఆయనే పట్టుకునేవారు.