విదేశంలో ఉన్న పిల్లకి మన ఊరి వస్తువే పంపాలా, పిల్ల అడిగింది కొనాలా?

పర్లాకిమిడి చిన్నమ్మమ్మ:

మా అక్క మనవరాలు మెల్‌బోర్న్‌లో ఉంటోంది. ఆరేళ్ళు. దాని తమ్ముడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. మా వీధి అబ్బాయి ఒకడు వచ్చే నెల అక్కడికే వెళ్తున్నాడు, బ్యాగులో కిలోన్నర దాకా చోటిస్తానన్నాడు. ఏం పంపాలన్న దగ్గర మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

అక్క మాట ఇది: "అది ప్లాస్టిక్ ముక్కలు పేర్చే లెగో అంటే పడి చస్తుంది, అదే కావాలని అడిగింది. ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేస్తే అదే గుమ్మంలోకి వస్తుంది. మధ్యలో పరాయి కుర్రాడి చేత మోయించడం ఎందుకు?"

నాకు అది మింగుడుపడటం లేదు. అక్కడి కొట్లో వస్తువుకి ఇక్కడి నుంచి డబ్బు కడితే అది ఎవరు కొనిచ్చారో పిల్లకి ఏం తెలుస్తుంది? ఇక్కడి నుంచి, మా చేతుల మీదుగా ఒకటి వెళ్ళాలని నా పట్టుదల. మూడు అనుకున్నాను. మా ఊరి కొమ్ము పనివాళ్ళు చేసే కొంగ. చేత్తో బొమ్మలు వేసే గుండ్రటి గంజప్ప పేక. లేదంటే బరంపురం పట్టుతో పరికిణీ జాకెట్టు. మీ అభిప్రాయం చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. "ప్రేమతో ఏది పంపినా మంచిదే" అని మాత్రం రాయకండి, ఆ మాట వల్ల నాకు పని జరగదు.

బరంపురం మేనమామ:

పిన్నిగారూ, నేను మీ అక్కగారి పక్షం. నాకూ విదేశంలో మేనకోడలు ఉంది. ఆరేళ్ళ పిల్ల నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగితే, దాన్ని పక్కనపెట్టి మనకి నచ్చింది పంపడం ఏం న్యాయం? మన ఊరి మీద బెంగ మనది, ఆ పిల్లది కాదు. అది పుట్టిన ఊరు అది, దాని స్నేహితులు వాళ్ళు, దాని ఆటలు అవి. కొమ్ము కొంగ పంపిస్తే వాళ్ళమ్మ అలమారాలో పెట్టి వచ్చినవాళ్ళకి చూపిస్తుంది. పిల్లని ముట్టుకోనివ్వదు. అప్పుడు ఆ కానుక ఎవరికి ఇచ్చినట్టు?

"ఎవరు కొనిచ్చారో తెలియదు" అన్నారు. పెట్టె విప్పేటప్పుడు వీడియో కాల్‌లో మీరు ఎదురుగా ఉండండి, తెలుస్తుంది.

గుణుపురం మాస్టారు:

నేను తెలుగు మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. నా ఓటు పుస్తకానికి. పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు ఉన్న తెలుగు కథల పుస్తకాలు రెండు మూడు పంపండి. బరువుండవు, విరగవు, తమ్ముడు పెద్దయ్యాక వాడికీ పనికొస్తాయి. వంశధార పక్కన ఒడిశాలో ఉన్నవాళ్ళం మనం. ఒడియా బడిలో చదువుతూ ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్న వాళ్ళం. చదివే అలవాటు పోతే ఒక తరంలో ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి వాళ్ళకి గిడుగు రామమూర్తిగారి గురించి నేను చెప్పాలా? ఆయన కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాశారు. పిల్ల చేతిలో పుస్తకం పెట్టడం ఎంత పెద్ద పనో తెలిసిన మనిషి.

బరంపురం మేనమామ:

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది, కానీ గిడుగువారి పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన సవర పిల్లల దగ్గరికి వాళ్ళ భాషలో వెళ్ళారు. తెలుగు వాచకం పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టలేదు. మీరేమో మెల్‌బోర్న్ పిల్లని మన భాషలోకి రమ్మంటున్నారు. ఆయన చేసిన దానికి ఇది ఎదురు దారి కదా?

ఇంకొక మాట. బరంపురంలో, గుణుపురంలో మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు కూడబలుక్కోకుండా చదువుతున్నారు? ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు, అంతే. ఇక్కడ మనం చేయలేనిది అక్కడి ఆరేళ్ళ పిల్ల నెత్తిన పెట్టకూడదు.

గుణుపురం మాస్టారు:

ఆ పిల్ల వాళ్ళమ్మతో మాట్లాడే భాష తెలుగే అయితే, అది తన భాషే బాబూ. సవర పిల్లకి సవర ఎంతో ఆ పిల్లకి ఇంటి తెలుగు అంతే. నేను పరాయి భాషలోకి రమ్మనడం లేదు. మన పిల్లలకి చదవడం రావడం లేదన్నది నిజమే, అందుకు నాకు బాధ ఉంది. అంతమాత్రాన అక్కడికి పంపడం మానాలా?

మెల్‌బోర్న్ ఆడపడుచు:

నాది బరంపురం. పెళ్ళయ్యాక మెల్‌బోర్న్ వచ్చాను, ఇద్దరు పిల్లలు. ఇటువైపు పెట్టె విప్పేది నేను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు కస్టమ్స్ సంగతి. పిన్నిగారూ, మోసుకొచ్చేది మీ వీధి అబ్బాయి. ఏదైనా తేడా వస్తే ఇరుక్కునేది అతనే. ఆస్ట్రేలియాలో దిగగానే ఒక ఫారం నింపాలి. తిండి, గింజలు, మొక్కలు, చెక్క, గడ్డి, జంతువుల నుంచి వచ్చినవి, ఇవన్నీ ఉన్నాయో లేదో చెప్పాలి. ఉన్నాయని టిక్కు పెడితే చూస్తారు, బాగుంటే ఇచ్చేస్తారు, లేకపోతే తీసేసుకుంటారు. అంతవరకే. ఉండి కూడా లేవని పెడితే అక్కడికక్కడే జరిమానా, వీసా మీద వచ్చినవాళ్ళకి ఆ వీసా రద్దు కూడా చేయొచ్చు. అందుకని సంచిలో ఏముందో అతనికి చూపించి, కాగితం మీద రాసి ఇవ్వండి. చుట్టి, టేపు వేసి "ఇది మా పిల్లకి" అని చేతిలో పెట్టేయకండి. మోసేవాడికి ఆ టెన్షన్ పెట్టకూడదు.

తిండి ఆశ వదులుకోండి. ఇండియా నుంచి పాలతో చేసిన మిఠాయిలు రానివ్వరు. కోవా, రసగుల్లా, ఏదైనా సరే.

కొమ్ము కొంగ. కొమ్ము జంతువుదే కనుక చెప్పి చూపించాలి. దాని కన్నా పెద్ద ఇబ్బంది కాళ్ళు. పర్లాకిమిడి కొంగ అందమంతా ఆ సన్నటి కాళ్ళలో, మెడ వంపులో ఉంటుంది. కొమ్ముని వేడి చేసి, మెత్తబడ్డాక వంచి చేస్తారు, చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. మా ఇంటికి వచ్చిన కొంగకి బ్యాగులోనే ఒక కాలు మోకాలి దగ్గర విరిగింది, అతికించి పైన పెట్టాం. దాని ముక్కు మొన కూడా రెండేళ్ళు నిండని బాబు ఉన్న ఇంట్లో కింద పెట్టదగ్గది కాదు. పెద్దవాళ్ళకి పంపండి, పిల్లకి వద్దు.

పరికిణీ అందరూ పంపుతారు. ఆరేళ్ళ పిల్ల ఆరు నెలల్లో ఎదుగుతుంది. కుట్టిస్తే నడుము దగ్గర బొందు, కింద లోపలికి మడతలు రెండు పెట్టించండి, జాకెట్టు పక్క కుట్లలో బట్ట వదలమనండి. విప్పుకుంటూ పోతే మూడేళ్ళు వస్తుంది. కాకపోతే మా పిల్లలు వేసుకునేది సంక్రాంతికీ దీపావళికీ.

లెగో మీద నాకు కోపం లేదు. మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. అందుకే చెబుతున్నా, అవి ఆ పిల్లకి ఎలాగూ వస్తాయి. పుట్టినరోజుకి స్నేహితులు తెచ్చేవి అవే.

సిరొంచ చెల్లెలు:

మాది మహారాష్ట్ర వైపు సరిహద్దు, గడ్చిరోలి జిల్లా. గోదావరి అటు గట్టున కాళేశ్వరం, ఇటు మేము. మా పిల్లలు మరాఠీ బడికి వెళ్తారు, ఇంటికొస్తే తెలుగు. నా సలహా వామనగుంటల పీట. 14 గుంటలు, ఏడేసి రెండు వరుసలు, మధ్యలో మడత బందు ఉన్నది తీసుకుంటే పెట్టెలా మూసుకుంటుంది. లెక్క కూడా వస్తుంది.

మెల్‌బోర్న్ ఆడపడుచు:

పీట మంచిదే అక్కా. చెక్క కాబట్టి బెరడు, పురుగు తొలిచిన కన్నాలు లేకుండా చూసుకోవాలి. పిక్కలు మాత్రం పంపొద్దు. చింతపిక్కలైనా గింజలే, ఇక్కడ ఆపేయొచ్చు. గురివింద గింజలు అసలే వద్దు, ఆస్ట్రేలియాకే కాదు, ఎక్కడికీ వద్దు. ఎర్రగా నల్లచుక్కతో ముద్దుగా ఉంటాయని గుంటల్లో వేసి ఆడిస్తారు, కానీ వాటిలో గట్టి విషం ఉంది. పిల్లవాడు కొరికి నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పక్కింటి వాళ్ళ దగ్గర ఉన్నా తీయించండి.

పర్లాకిమిడి చిన్నమ్మమ్మ:

అందరివీ చదివాను. కొంగ మానేశాను. ఇప్పుడు గంజప్ప గురించి చెప్పండి. గుడ్డని చింతపిక్కల జిగురుతో గట్టిపరిచి, గుండ్రంగా కోసి, చేత్తో బొమ్మలు వేసిన పేక అది. అరచేతి డబ్బాలో పడుతుంది. దశావతారాలు వేసినవి ఉంటాయి. మా ఊరి పేరు, చికిటి పేరు ఈ పనికి వినబడతాయి. ఇంత అందమైనది మరొకటి నాకు తోచడం లేదు.

జయపురం రేడియో:

అమ్మా, గంజప్ప ఎలా ఆడతారో మీకు వచ్చా? మీ అక్కగారి అమ్మాయికి వచ్చా? ఎనిమిది రంగుల పేకలో 96 ముక్కలు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. దశావతారాలదైతే పది రంగులు, 120 ముక్కలు. ఆడటానికి ముగ్గురు నలుగురు కావాలి. మా తాతగారి అరుగు మీద ఆడేవాళ్ళని చూశాను, ముక్కలు గుర్తుపెట్టుకోవడంలోనే ఆటంతా ఉంటుంది. ఆ ఇంట్లో నేర్పేవాళ్ళు లేకపోతే అది బొమ్మల డబ్బా అయిపోతుంది. నాకు ఆ పేక అంటే ప్రాణం. అందుకే ఆడటం రానివాళ్ళ ఇంటికి పంపాలంటే మనసొప్పదు.

పర్లాకిమిడి చిన్నమ్మమ్మ:

ఈ ప్రశ్న నన్ను రాత్రంతా కూర్చోబెట్టింది. నాకు గంజప్ప రాదు. మా అక్క కూతురికీ రాదు. మరి దానికి ఏం వచ్చు అని ఆలోచిస్తే అష్టాచెమ్మా తట్టింది. వేసవి సెలవుల్లో మా వరండాలో సుద్దముక్కతో గళ్ళు గీసుకుని, అన్నానికి పిలిచినా లేచేది కాదు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, చెమ్మా. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అష్టా. రెండింటికీ మళ్ళీ పందెం. ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోనిచ్చేవాళ్ళం కాదు. దానికి అన్నీ గుర్తుంటాయి. దాని కూతురికి ఒక్క సాయంత్రంలో నేర్పేస్తుంది.

కాబట్టి గుడ్డ మీద అష్టాచెమ్మా కుడుతున్నాను. మందపాటి నూలు గుడ్డ, అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, 25 గళ్ళు. గళ్ళ గీతలు గొలుసుకుట్టుతో, నాలుగు పక్కల ఇళ్ళకీ మధ్య ఇంటికీ ఎర్రదారంతో ఇంటూ గుర్తు. అంచుకి బరంపురం పట్టు జాకెట్టు ముక్క మిగిలింది, అది పట్టీగా వేస్తున్నాను. మడిస్తే చేతిరుమాలంత. ఉతుక్కోవచ్చు, విరిగేది లేదు.

గవ్వల సంగతి మెల్‌బోర్న్ చెల్లెమ్మని అడుగుతున్నాను. పంపొచ్చా?

మెల్‌బోర్న్ ఆడపడుచు:

శుభ్రంగా కడిగి, ఇసుక, వాసన లేకుండా ఆరబెట్టి, ఫారంలో చెప్పి చూపిస్తే సరిపోతుంది. కానీ చిన్నబాబు ఉన్నాడన్నారు. గవ్వలు గొంతులో పడేంత చిన్నవి. వాడికి మూడేళ్ళు దాటేదాకా అవి లేకుండా ఆడించండి. ఒక వైపు తెలుపు, రెండో వైపు ఎరుపు గుడ్డతో, లోపల అట్ట పెట్టి, అరచేతిలో సగం ఉండే బిళ్ళలు నాలుగు కుట్టండి. అటో ఇటో పడతాయి, గవ్వల లెక్కే. కాయలు కూడా అలాగే పెద్దవి చేయండి. ఇక కస్టమ్స్ గొడవే ఉండదు, అంతా గుడ్డే.

బరంపురం మేనమామ:

పిన్నిగారూ, మీరు కుట్టే తీరు చదివితే నాకే కావాలనిపిస్తోంది. అయినా నా మాట నాదే. పిల్ల లెగో అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఇంకొకటి పంపితే, "అమ్మమ్మ నా మాట వినలేదు" అనుకుంటుంది. ఆరేళ్ళకి ఆ లెక్క బాగా తెలుస్తుంది.

పర్లాకిమిడి చిన్నమ్మమ్మ:

నాయనా, ఆ మాట నాకు తగిలింది. అక్కతో మాట్లాడాను. లెగో తను కొనిపెడుతుంది, అమ్మమ్మ అడిగింది కొనిపెట్టినట్టు ఉంటుంది. దానికి నేను అడ్డు చెప్పను. కానీ నేను పంపేది మాత్రం దాంతో కలిసి నేను ఆడగలిగేదే అయి ఉండాలి. లెగో నాకు రాదు, నేర్చుకున్నా ఫోన్‌లో ఎలా ఆడతాను? అందుకని రెండు గుడ్డలు కుడుతున్నాను, ఒకటి దానికి, ఒకటి నా దగ్గర. అక్కడి చలికాలంలో సాయంత్రం 4 అయితే మనకి ఉదయం 11:30. వంటయ్యి ఖాళీగా ఉండే వేళ. ఎండాకాలానికి వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి జరిపాక 10:30 అవుతుంది, అప్పుడు వంట పొద్దున్నే కానిచ్చేస్తాను. దాని కాయలు నా గుడ్డ మీద నేను జరుపుతాను, నావి దాని గుడ్డ మీద అది జరుపుతుంది.

గుణుపురం మాస్టారు:

అక్కయ్యగారూ, ఒక కోరిక. ఆట రూల్సు ఒక కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, మీ చేతిరాతతో రాసి మడతలో పెట్టండి. పుస్తకం అననులెండి. గొడవ వచ్చినప్పుడు ఎవరిది రైటో చూసుకోవడానికి ఆ కాగితం విప్పక తప్పదు.

బరంపురం మేనమామ:

దానికి నేను ఒప్పుకుంటాను మాస్టారూ. వెనకవైపు ఇంగ్లీషులో కూడా రాయించండి, స్నేహితులు వస్తే వాళ్ళూ ఆడతారు.

పర్లాకిమిడి చిన్నమ్మమ్మ:

ఇంగ్లీషు వాళ్ళమ్మ రాసుకుంటుందిలే. తెలుగు నేను రాస్తాను. మధ్య గడిలో కాయ పండాలంటే సరిగ్గా అంతే పడాలా, ఎక్కువ పడినా పర్వాలేదా? మా వీధిలో రెండు రకాలుగానూ ఆడేవాళ్ళు. మీ ఇళ్ళలో ఎలా ఆడతారో చెప్పండి, అదే రాసేస్తాను.

సిరొంచ చెల్లెలు:

మా వైపు సరిగ్గా అంతే పడాలి. ఎక్కువ పడితే కాయ కదలదు.

జయపురం రేడియో:

మా ఇంట్లోనూ అంతే. ఎక్కువ పడినా పండిస్తే ఆట తొందరగా అయిపోతుందమ్మా.