పాపారాయుడు వీరుడేనా? మా అబ్బాయికి ఏం చెప్పాలి?

బొబ్బిలి ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు బొబ్బిలి పక్కన గొల్లపల్లి. అత్తారిల్లు విజయనగరం కంటోన్మెంట్. మా పెళ్ళిలోనే రెండు వైపుల పెద్దవాళ్ళూ బొబ్బిలి యుద్ధం మాట ఎత్తారు, సరదాకే అనుకోండి. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ యుద్ధం ఇప్పుడు మా అబ్బాయి తెల్ల కాగితాల మీదికొచ్చింది.

వాడు ఏడో తరగతి. 'నాకు నచ్చిన వీరుడు' అని వ్యాసం రాసుకురమ్మన్నారు. సెలవులన్నీ గొల్లపల్లిలోనే గడుపుతాడు కాబట్టి బొబ్బిలి సర్దారు తాండ్ర పాపారాయుడి పేరు పైన రాసేసి అడుగున రెండు గీతలు కొట్టాడు. అర పేజీ అయ్యాక పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, పాపారాయుడు రాత్రిపూట డేరాలోకి దూరి విజయనగరం రాజు విజయరామరాజుని చంపాడు కదా. అలా చంపితే వీరుడెలా అవుతాడు?" అన్నాడు. మా మావయ్యగారు పేపరు దించి నా వైపు చూశారు. నాకు నోట మాట రాలేదు.

నాకు ఆ కథ మా తాత చెప్పాడు. తాతది వీణల పని. పనస దుంగని కాళ్ళ మధ్య పెట్టుకుని ఉలితో తొలుస్తూ చెప్పేవాడు. పసుప్పచ్చ పొట్టు ఒళ్ళంతా పడుతుండేది, నేనూ మా చెల్లీ ఆ పొట్టులోనే కూర్చుని వినేవాళ్ళం. విజయనగరం రాజు తరఫున ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు తెచ్చి కోటని చుట్టుముట్టాడనీ, కోట విడిచిపెడితే వేరే చోట భూములిస్తానన్నా బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోలేదనీ, పాపారాయుడు రాజాంలో ఉండిపోయి వేళకి అందలేకపోయాడనీ చెప్పేటప్పుడు ఉలి దెబ్బ కూడా ఊపందుకునేది. కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కకూడదని మనవాళ్ళే చంపేసుకున్న చోటికి వచ్చేసరికి మాత్రం ఉలి ఆగిపోయేది. ఆ ఒక్క చోటే. పిడి మీద చెయ్యి అలాగే ఉండేది. లోపల్నుంచి మా నానమ్మ, "రాజులూ రాజులూ కొట్టుకుంటే పిల్లలేటి సేసినారు?" అనేది. తాత దానికి ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు నాకూ ఒక బిడ్డ ఉన్నాడు కాబట్టి అడుగుతున్నాను. రంగారావు రోషం గొప్పదే, కాదనను. ఆ రోషం ఖరీదు కట్టింది మాత్రం ఉయ్యాల్లో పిల్లలు. పాపారాయుడు గొప్ప స్వామిభక్తుడే, కానీ మావాడి ప్రశ్న తప్పు కాదు. వాడి మనసులో వీరుణ్ణి విరగ్గొట్టకుండా, అబద్ధమూ చెప్పకుండా ఏం చెప్పాలి? సోమవారం వ్యాసం ఇచ్చెయ్యాలి.

రాజాం మాస్టారు:

అమ్మా, ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మీవాడి ప్రశ్న నన్ను నేరుగా భారతంలోకి తీసుకెళ్ళింది.

సౌప్తిక పర్వంలో అశ్వత్థామ చేసింది ఇదే పని. తండ్రి ద్రోణుడు అస్త్రాలు కింద పెట్టేశాక చంపారు, అదీ ధర్మరాజు నోట సగం అబద్ధం పలికించి. కడుపుమంట న్యాయమైనదే. ఆ మంటతో అర్ధరాత్రి పాండవ శిబిరంలో పడ్డాడు. నిద్రలో ఉన్నవాళ్ళని చంపడం ధర్మం కాదని మేనమామ కృపుడు చెప్పినా వినలేదు. పగా అంతే, రాత్రీ అంతే, శిబిరమూ అంతే. మరి అశ్వత్థామ శిరోమణి పోగొట్టుకుని శాపం మోస్తూ మూడు వేల ఏళ్ళు తిరగాల్సొచ్చింది. మన పాపారాయుణ్ణి రెండున్నర శతాబ్దాలుగా పాడుకుంటున్నాం. ఎందుకంటారు?

నాకు తోచింది చెబుతాను. అశ్వత్థామ తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుడితో ఆగలేదు. ద్రౌపది కొడుకులు అయిదుగురినీ, ఏ పాపమూ తెలియనివాళ్ళని, నరికాడు. చేశాక ప్రాణం కాపాడుకోవాలని చూశాడు. పాపారాయుడు తాను ఎవరికోసం వెళ్ళాడో ఆ ఒక్కడి దగ్గరికే వెళ్ళాడు, ఆ శిబిరంలోంచి బతికి బయటికి రాలేదు. రావాలని వెళ్ళలేదు కూడా. అంతమాత్రాన రాత్రి చంపడం పగటి యుద్ధంతో సమానమైపోదు. ఆ మచ్చ మచ్చే. పిల్లవాడికి రెండు కథలూ పక్కపక్కన చెప్పండి, తూకం వాడే వేసుకుంటాడు. పన్నెండేళ్ళవాళ్ళకి మనం అనుకున్నదానికంటే బాగా వెయ్యడం వస్తుంది, నా క్లాసుల్లో చూశాను.

ఇంకొక్క మాట. ఆయన రాజాం నుంచి వేళకి రాలేకపోయాడన్నారే, నాకు ఆయన పడ్డ బాధంతా అక్కడే కనిపిస్తుంది. 1757 జనవరి 24న కోట పడింది. ఆయన వచ్చేసరికి కాపాడుకోవడానికి ఎవరూ లేరు.

మూడు లాంతర్లు:

మాది విజయనగరమే అక్కా. మా రాజుగారి గురించి ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను రాస్తున్నా. విజయరామరాజు చిన్నవాడేం కాదు. నిజాం నవాబూ, ఫ్రెంచివాళ్ళూ, చుట్టూ జమీందార్లూ, ఇంతమంది మధ్య సంస్థానాన్ని నిలబెట్టినవాడు. కానీ పక్కింటితో తగువుకి పరాయివాడి ఫిరంగి తెచ్చాడు. ఏటి నీళ్ళ దగ్గర మొదలైన గొడవంటారు మా పెద్దవాళ్ళు. నాకు ఆయనలో క్షమించలేనిది అదొక్కటే.

అయితే మా ఊరు ఎవరికి గుడి కట్టిందో చూడండి. గెలిచిన రాజుకి కాదు. ఆయన చెల్లెలు పైడితల్లికి. యుద్ధం వద్దని అన్నని బతిమాలిన పిల్ల. అమ్మవారు పోసి ఒళ్ళు కాలిపోతున్నా అన్నకి ప్రమాదం ఉందని తెలిసి బండెక్కి బయల్దేరింది. దారిలోనే అన్న పోయాడన్న కబురు వచ్చింది. ఆ పిల్లే పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందని మా నమ్మకం. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను అనే పొడుగాటి మాను చివర్న పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు కదా, ఆ మాను కోట ముందుకి వచ్చినప్పుడల్లా మా అమ్మ చేతులు జోడించి, "అన్న గుమ్మంలోకి వచ్చింది తల్లి" అంటుంది. నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీ బాబుని ఈ ఏడు మా మేడ మీదికి తీసుకురండి, బాగా కనిపిస్తుంది.

పాత పుస్తకాలవాడు:

ఒక విషయం కలుపుతాను, మీ నానమ్మగారి ప్రశ్నకి దగ్గరగా ఉంటుంది.

ఆ కాలపు యుద్ధాల చరిత్ర రాసిన ఇంగ్లీషువాడు ఓర్మ్ బొబ్బిలి గురించి కూడా రాశాడు. కోట పడ్డాక లోపల అంతా శవాలే. ఒక ముసలాయన ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చి లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. ఈ పిల్లవాడు రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను బతికించాను అని చెప్పాడట. బొబ్బిలి వంశం నిలిచింది ఆ పిల్లవాడి వల్లే.

ఇది చదివినప్పుడల్లా నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చుంటాను. ఉప్పు తిన్న ఇంటి ప్రభువు మాట అది, చావబోయే ముందు చెప్పిన మాట. దాన్ని కాదన్నాడు. స్వామిద్రోహం అనాలంటే అనొచ్చు. పాపారాయుడు ప్రభువు కోసం చంపాడు, ఈయన ప్రభువు మాట జవదాటి బతికించాడు. రెండూ ఒకే కోట మనుషులు చేసిన పనులు.

బొబ్బిలి ఆడపడుచు:

మాస్టారూ, తమ్ముడూ, పుస్తకాల బాబుగారూ, మీ ముగ్గురికీ దణ్ణాలు. రాత్రి అన్నాలయ్యాక మీరు రాసినవన్నీ వాడికి చదివి వినిపించాను. అశ్వత్థామ దగ్గర, "మరి పాపారాయుడు లేపి చంపితే సరిపోయేదా?" అని అడిగాడు. మావయ్యగారు, "లేపి ఉంటే మా రాజు ఊరుకునేవాడా?" అన్నారు. తాతా మనవలు దాని మీద అరగంట వాదించుకున్నారు, నేను గిన్నెలు తోముకుంటూ విన్నాను. ఇంట్లో ఆ పేరు ఇంత మామూలుగా వినిపించడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

ముసలాయన సంగతికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ మాట్లాడలేదు. గొల్లపల్లికి ఫోన్ చేసి మా నానమ్మకి చెప్పాను. ఎనభై దాటింది, చెవి సరిగ్గా వినపడదు, రెండుసార్లు చెప్పించుకుంది. "ఒకడైనా ఉన్నాడన్న మాట" అని ఫోన్ పెట్టేసింది.

వాడు పాత కాగితం చింపలేదు. పాపారాయుడి అర పేజీ అలాగే ఉంచి, కింద ఒక గీత కొట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. "బొబ్బిలి కోటలో ఒక ముసలాయన ఉండేవాడు" అని ఉంది మొదటి లైను. పదిన్నరైంది, లైటు తీసెయ్యమంటే వినట్లేదు.