“మొక్కై వంగనిది” సామెత బీటా కణాలకు ఎంతవరకు అతుకుతుంది?

మిత్రులకు నమస్కారం. వయసు పెరిగేకొద్దీ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు మళ్లీ పుట్టే శక్తి తగ్గిపోతుందని వివరించే వ్యాసానికి “మొక్కై వంగనిది మానై వంగునా” అని శీర్షిక పెట్టవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ వచ్చింది. ఈ సామెతలో ఒక మాట విషయానికి చక్కగా అతుకుతుందని, మరొకటి అతకదని నా అభిప్రాయం.

అతికేది “మాను”. మాను అంటే ఎదిగిన చెట్టే తప్ప ఎండిన మోడు కాదు. మనిషిలో బీటా కణాలు ముమ్మరంగా విభజన చెందేది పుట్టిన తొలి కొన్నేళ్లలోనే. 30 ఏళ్లు దాటేసరికి కొత్త కణం పుట్టడం అరుదైపోతుంది. కనుక పత్రికలు వాడే “వృద్ధాప్యం వల్ల” కంటె “ఎదిగిన కొద్దీ” అనడమే నిజానికి దగ్గర. (మనం మాట్లాడుతున్నది తాతగారి సంగతి కాదు, పెళ్లీడు మనవడి సంగతి.)

జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించిన ప్రయోగం ఈ తేడాను స్పష్టంగా చూపింది. బీటా కణాలను దాదాపు పూర్తిగా నాశనం చేసినప్పుడు, ఈడు రాని చిట్టెలుకల్లో క్లోమంలోనే ఉండి సొమటోస్టాటిన్ అనే హార్మోన్ స్రవించే డెల్టా కణాలు తమ పని మానుకొని, విభజన చెంది, ఇన్సులిన్ ఇచ్చే కణాలుగా మారిపోయాయి. ఆ ఎలుకలు మధుమేహం నుంచి కోలుకున్నాయి. ఈడొచ్చిన ఎలుకల్లో డెల్టా కణాలు ఆ దారి పట్టవు, క్లోమంలోని మరో రకమైన ఆల్ఫా కణాల్లో కొద్దిపాటివి మాత్రం మెల్లగా ఇన్సులిన్ పని అందుకుంటాయి. మొక్క నిలువునా వంగింది, మానుకు ఒక కొమ్మ వంగిందన్నమాట.

అతకనిది “వంగునా”. ఆ ప్రశ్నకు “వంగదు” అన్న జవాబు ముందే సిద్ధంగా ఉంది. పైగా చిన్ననాడు వంగకపోవడమే కారణమన్న నింద కూడా అందులో ఉంది. బీటా కణానికి ఆ నింద చెల్లదు, చిన్ననాడు అది వంగింది. ఎదిగిన ఎలుకలో కొత్త బీటా కణం ప్రధానంగా పాత బీటా కణం రెండుగా చీలడం వల్లనే పుడుతుందని 2004లో హార్వర్డ్ పరిశోధకులు చూపారు. ఆ చీలికను ఆపే పి16 అనే ప్రోటీన్ వయసుతో పాటు పెరుగుతుంది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వారు 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ ప్రోటీన్ లేని ముసలి ఎలుకల్లో కణవిభజన మామూలు ముసలి ఎలుకల కంటె మెరుగ్గా సాగింది. వయసులో ఉన్న ఎలుకల్లో దానిని పెంచితే విభజన ముసలి ఎలుకల స్థాయికి పడిపోయింది. అంటే ఇక్కడున్నది బిగుసుకుపోయిన మాను కాదు, కట్లు పడిన మాను. అయితే పి16 కేన్సర్‌ను అడ్డుకునే కాపలా కూడా కావడంతో, ఆ కట్లు విప్పే మందు కోసం తొందరపడడానికి వీల్లేదు.

కాబట్టి సామెతను సగానికి తుంచి, “మానై వంగునా?” అని మాత్రమే శీర్షికగా ఉంచమని నా సూచన. అప్పుడది నిజమైన ప్రశ్నగా వినిపిస్తుంది.