చర్చి కంటే పాత సమాధి: మరణ నమోదు ఎక్కడ దొరుకుతుంది?

ఒక పల్లె కథోలిక చర్చి, దాని సమాధుల తోట చరిత్ర రాస్తున్నాను. ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. చర్చి పునాదిరాయి మీద 1871 అని ఉంది. తోటలో ఒక లాటిన్ సమాధి రాయి మీద సంవత్సరం రోమన్ అంకెల్లో ఇలా ఉంది: ఎం, డి, మూడు సి లు, ఎల్, తర్వాత అరిగిపోయిన చోటు, చివర మూడు ఐ లు. ఖాళీలో రెండు అక్షరాలకు మించి పట్టవు. అక్కడ ఎక్స్ ఒక్కటే ఉంటే 1863, ఎక్స్ వి ఉంటే 1868, రెండు ఎక్స్‌లైతే 1873. మొదటి రెండింటిలో ఏదైనా సరే, చర్చి కట్టకముందే ఇక్కడ ఖననాలు జరిగాయన్నమాట.

చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి వేసి ఫోటోలు తీశాను, లాభం లేదు. పైన నాచు పట్టేసింది. వైర్ బ్రష్‌తో రుద్దమన్నవాళ్లున్నారు గానీ, ఉన్న అక్షరాలు కూడా పోతాయని ఆ పని చేయలేదు.

ఇక్కడి విచారణలో (పారిష్, అంటే ఒక గురువు చూసుకునే చర్చి పరిధి) మరణాల రిజిస్టరు 1894 నుంచే ఉంది. జ్ఞానస్నానాల పుస్తకమూ అంతే. అంతకుముందు ఈ ఊరు వేరే విచారణ కింద ఉండేదట. అక్కడ అడిగితే పాత పుస్తకాలు లేవన్నారు. ఏటా రిజిస్టర్ల నకలు మేత్రాసనానికి (బిషప్ పరిధి, డయోసిస్) పంపాలని 1917 చర్చి చట్టంలో ఉండేది, కానీ నాకు కావలసింది అంతకు ముందు కాలం.

1870కి ముందు ఉపకేంద్రంగా, అంటే వేరే ఊరి విచారణ కింద ఉన్న ఊళ్లో జరిగిన ఖననం నమోదు, తల్లి విచారణలో దొరక్కపోతే ఇంకెక్కడ వెతకాలి?