ఒకే వీధి, ఒకే రోడ్డు, మా నాన్నకీ చిన్నాన్నకీ వేరేగా ఎందుకు కనిపిస్తోంది?

రాజాం కుర్రాడు:
మాది రాజాం దగ్గర పల్లె. కరెంటు ఎప్పుడొస్తుంది, ఎవరి గేదె తప్పిపోయింది అని చెప్పుకోడానికి ఊరి వాట్సాప్ గ్రూపు పెట్టాం, ఇప్పుడు తెల్లారితే పార్టీల వీడియోలే. మొన్న రోడ్డు గురించి గొడవ. పూర్తయిందని నాన్న, సగంలో వదిలేశారని చిన్నాన్న, ఆ రోడ్డేమో మా వీధి చివరే ఉంది! వెళ్లి చూడరు, ఫోన్లు తీసి చూపించుకుంటారు. ఫోన్ మనిషిని మారుస్తోందా, లోపల ఉన్నదాన్నే ముదురుస్తోందా?

గంటస్తంభం:
ముదురుస్తోందనే నేనంటా. 2016లో జియో రాకముందు పార్టీ పిచ్చి లేదా ఏటి? అప్పుడు టీ కొట్లో ఒకే పేపరు, ఒకడు పైకి చదివితే మిగతావాళ్లు విని తిట్టుకునేవాళ్లు, కానీ అందరూ తిట్టుకునేది ఒకే వార్త మీద. ఇప్పుడు మీ నాన్న ఒక వీడియో చివరిదాకా చూశాడంటే యూట్యూబ్ అలాంటిదే ఇంకోటి తెచ్చి పెడుతుంది. దానికి ఏ పార్టీ అయినా ఒకటే, చూస్తూ ఉంటే చాలు.

నాగావళి ఒడ్డు:
అంతా యూట్యూబ్ మీదకి తోసేస్తే ఎలా? గ్రూపులో పెట్టేది మనుషులే కదా. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకార్లు లేచి, చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపాక, వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి 5 చాట్లకు తగ్గించింది. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన మెసేజ్ అయితే ఒక్క చాట్‌కే. మా బావగారు ఏం చేస్తారో తెలుసా, వీడియో ఫోన్లో సేవ్ చేసుకుని మళ్లీ కొత్తగా పెడతారు, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చూపే రెండు బాణాల గుర్తు మాయం. ఆయన రిటైర్డ్ టీచరు మరి! వరదలప్పుడైతే ఎక్కడిదో పాత వీడియోకి నాగావళి అని పేరు తగిలిస్తారు, ఇక కింద ప్రభుత్వానికి తిట్లే తిట్లు.

రాజాం కుర్రాడు:
అడ్మిన్ని నేనే. పార్టీ పోస్టులు పూర్తిగా ఆపేయనా?

టెక్కలి:
ఆపొద్దు బాబూ. మా ఊళ్లో ఆపితే రెండో గ్రూపు పుట్టింది, ఇప్పుడు కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో కూడా రెండు చోట్లా చూడాలి. ఏ ఊరిదో, ఏ రోజుదో రాయకుండా వీడియో పెట్టొద్దని ఒక్క రూల్ పెట్టు, సగం తగ్గుతాయి. ఎన్నికలప్పుడు డబ్బు పంచుతున్నారని ఎవరైనా పెడితే ఎన్నికల సంఘం వాళ్ల సీవిజిల్ యాప్‌లో పెట్టమను. అది అక్కడికక్కడ తీసిన ఫోటో, వీడియోలే లొకేషన్‌తో సహా తీసుకుంటుంది, గ్యాలరీలోవి తీసుకోదు. మావాడొకడు ఆవేశంగా డౌన్‌లోడ్ చేసి, ఆ సంగతి తెలిశాక చప్పుడు చేయకుండా తీసేశాడు.