అడ్వర్సరీకి ఉర్దూలో ఏ మాట చెప్పాలి?

గుంటూరు_ట్యూషన్: తొమ్మిది, పది చదివే ఉర్దూ మీడియం పిల్లలకి ఇంగ్లీషు పాఠంలో అడ్వర్సరీ (ప్రత్యర్థి) అన్న మాట వచ్చింది. డిక్షనరీలో దుష్మన్, ముఖాలిఫ్, హరీఫ్ మూడూ వరసగా ఇచ్చాడు. బోర్డు మీద ఏది రాయాలి? పైగా పిల్లలు దాన్ని యానివర్సరీలాగా పలుకుతున్నారు.

బ్రాడీపేట_మాస్టారు: హరీఫ్ రాయండి. దుష్మన్ ఎనిమీకి వాడుకోండి. అడ్వర్సరీ అవడానికి పగ ఉండక్కర్లేదు, గట్టిగా ఎదురు నిలబడితే చాలు. ముఖాలిఫ్ అంటే ఒక అభిప్రాయాన్నో పనినో వ్యతిరేకించేవాడు కూడా కావచ్చు, అందుకే అది రెండో అర్థంగా ఉంచండి. ఆటల దగ్గర మాత్రం అపోనెంటే మామూలు మాట. కబడ్డీలో అవతలి జట్టుని అడ్వర్సరీ అంటే మరీ బరువుగా ఉంటుంది. మిర్చి యార్డులో పక్క కొట్టాయన కాంపిటీటర్, అంతే. రైవల్ వస్తే రఖీబ్ అని చెప్పకండి, గజళ్లలో రఖీబ్ అంటే ప్రేమలో పోటీకొచ్చినవాడు. క్లాసు ఇక మీ చేతిలో ఉండదు.

దక్కనీ_వించిపేట: పై మాటకి ఒక చేర్పు. మన వైపు ఇళ్లలో మాట్లాడేది దక్కనీ. ఆ పిల్లలకి హరీఫ్ కూడా పుస్తకం మాటే. ముందు "సామ్నేవాలా" (ఎదుటివాడు) అని అందుకుని, ఆ తర్వాత హరీఫ్ చెప్పండి.

ఇక పలకడం సంగతి. యానివర్సరీలో ఒత్తు "వర్" మీద, అడ్వర్సరీలో మొదటి "ఆడ్" మీద. "వర్" తేలిగ్గా జారిపోవాలి. ఉర్దూ లిపిలో ఒకే ముక్కగా రాస్తే, "వ"కీ "ఓ"కీ రెంటికీ వచ్చే అక్షరం వావ్‌ని "ఓ" అనుకుని "ఎడోర్సరి" అని చదివేస్తారు. ఆడ్, వర్, సరి అని మూడు ముక్కలుగా విడదీసి, వావ్ మీద జబర్ ("అ" పలికించే గుర్తు) పెట్టండి. డాల్ ("డ" అక్షరం) మీద చిన్న తోయ్ గుర్తు మర్చిపోతే అది దాల్ ("ద") అవుతుంది, అప్పుడు "ఆద్" అంటారు.

బ్రాడీపేట_మాస్టారు: వాక్యాల్లో తప్పులు రెండు చోట్ల వస్తాయి. "దో హరీఫ్" అన్నప్పుడు ఉర్దూలో మాట మారదు కాబట్టి "టూ అడ్వర్సరీ" అని రాస్తారు. వై తీసేసి ఐ-ఈ-ఎస్ చేర్చాలని అక్కడే చెప్పాలి. రెండోది, ఉర్దూలో ఆర్టికల్ లేదు, "హీ ఈజ్ అడ్వర్సరీ" అని వదిలేస్తారు. "ఆన్ అడ్వర్సరీ" అనో "మై అడ్వర్సరీ" అనో ఉండాలి. "మేరా హరీఫ్" పక్కన "మై అడ్వర్సరీ" రాస్తే రెండోది వెంటనే ఎక్కుతుంది.

గుంటూరు_ట్యూషన్: పాఠంలో కోర్టు సన్నివేశం కూడా ఉంది. అక్కడ ముద్దయీ అనొచ్చా?

కోర్టు_గుమస్తా: అనొద్దు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన తెలుగు కోర్టుల్లో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన పిల్లలకి అక్కడ తలకిందులవుతుంది. అవతలి పక్షానికి ఫరీఖ్-ఎ-ముఖాలిఫ్ అనండి, అది ఉర్దూ కాగితాల్లో వాడే మాటే. దావా వేసింది ఎవరైనా సరే, ఎదుటివాళ్లకి అది సరిపోతుంది. ఇక అడ్వర్స్ పొజెషన్ (ఇంకొకరి ఆస్తిని ఏళ్ల తరబడి తమ అధీనంలో ఉంచుకోవడం) గురించి ఎవరైనా అడిగితే ఖబ్జా-ఎ-ముఖాలిఫానా. అదే అడ్వర్స్, చివర "అరీ" లేదంతే.