క్రియాటినిన్ ఎక్కువుంటే పుట్టగొడుగుల పొడి తాగొచ్చా?

పానగల్_వాసి:
మన నల్లగొండ దిక్కు క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చూసే రక్తపరీక్ష అంకె) 2 దాటిందంటే చాలు, చాగా, రీషి, కార్డిసెప్స్ కలిపిన పొడి తాగుమని వాట్సాప్‌ల మెసేజ్. కార్డిసెప్స్ మీద 2014ల కోక్రేన్ సమీక్ష (వైద్య ట్రయల్స్‌ను ఒక్కకాడ జేర్చి తూచేది) ఉన్నది: 22 ట్రయల్స్, 1,746 మంది. క్రియాటినిన్ తగ్గిందనే తేలింది. మొత్తానికే కొట్టిపారేసుడు ఎందుకు?

పాలమూరు_ల్యాబ్:
ఆధారాల నాణ్యత తక్కువ, గట్టిగ ఏం చెప్పలేమని కూడ అదే సమీక్ష రాసింది అన్నా. పైగ క్రియాటినిన్ కండ నుంచి వస్తది. మాంసం మానినా, మనిషి చిక్కినా అంకె దిగుతది. కండ మీద అంతగ ఆధారపడని సిస్టాటిన్-సి రక్తపరీక్ష, మూత్రంల అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడ చూడాలె.

అసలు భయం చాగాతోని. అందుల ఆక్సలేట్ బాగ ఎక్కువ. జపాన్‌ల లివర్ క్యాన్సర్ ఉన్న 72 ఏండ్ల ఆమె రోజుకు 4-5 టీస్పూన్ల పొడి ఆరు నెలలు తీసుకుంటే డయాలసిస్ దాకా పోయింది. బయాప్సీల కిడ్నీల మూత్రం పారే సన్న గొట్టాలల్ల ఆక్సలేట్ స్ఫటికాలు కనబడ్డయి. ఈ కేసు 2014ల అచ్చయింది. పాలకూర ఉడికిస్తే ఆక్సలేట్ నీళ్లల్లకు దిగుతది, ఆ నీళ్లు వంపేస్తం. చాగా టీల ఆ నీళ్లే తాగుతరు. రాళ్లున్నోళ్లు దాని జోలికే పోవద్దు.

బత్తాయితోట:
రీషి అయితే పర్వాలేదా? తుమ్మ మొదలుకు ఎర్రగ, వార్నిష్ కొట్టినట్టు మెరిసేది అదే కదా? ఉత్తగనే దొరుకుతది.

పాలమూరు_ల్యాబ్:
అది గానోడెర్మా కావచ్చు. అందుల ఏ రకమో కంటితోని చెప్పలేం తమ్మీ. పుట్టగొడుగులు కాడ్మియం, సీసం గుంజుకుంటయి, కాడ్మియం దెబ్బ కొట్టేది కిడ్నీనే.

రీషి మీద మూత్రం ఇబ్బందులకు ఒక జపాన్ ట్రయల్ ఉన్నది. 88 మంది మగోళ్లకు రోజుకు 6 మిల్లీగ్రాముల సారం, 12 వారాలు. మూత్రం ఇబ్బందులను 35కు లెక్కగట్టే ఐపీఎస్ఎస్ స్కోరు సుమారు 2 పాయింట్లు తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నోళ్లకు తగ్గింది 1 పాయింటు కంటె తక్కువ. ధార వేగం మారలే, ప్రొస్టేట్ సైజూ మారలే. గంతే. అది సారం, చెంచాడు పొడి కాదు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండ చేసే మందులు వాడెటోళ్లకు రక్తం కారే ముప్పు, కిడ్నీ మార్పిడి అయినోళ్లకు అస్సలు వద్దు.

మందులషాపు:
నీళ్ల సంగతి ఎవరు ఎత్తలే. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్ల లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదనుకోండ్రి. కషాయం సగానికి మరిగిస్తే 6 అయితది, ఆవిరితోని పోదు. కిడ్నీ మందగిస్తే ఫ్లోరైడ్ ఒంట్లనే నిలుస్తది. కూరకు ఆయిస్టర్ పుట్టగొడుగులు వండుకోవచ్చు గని, 100 గ్రాములల్ల 420 మిల్లీగ్రాముల దాక పొటాషియం ఉంటది. పొటాషియం పెరిగినోళ్లు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లల్ల ఉడికించి వంపేయాలె.

పానగల్_వాసి:
సరే, చాగా తీసేద్దాం. కార్డిసెప్స్ ఒక్కటే, డాక్టరుకు చెప్పి, నెలకోసారి టెస్టు చేయించుకుంట వాడితే తప్పేంది?

పాలమూరు_ల్యాబ్:
ముందు డబ్బల ఉన్నది కార్డిసెప్సేనా? పొడి చిటికెడు నీళ్లల్ల కలిపి అయోడిన్ చుక్క వెయ్యుండ్రి. నల్లనీలం తిరిగితే పిండి పదార్థం ఉన్నట్టు. బియ్యం మీద పెంచి, గింజతోని సహా దంచి అమ్మెటోళ్లున్నరు.